పాపికొండల గండి

పడమట పుట్టి తూర్పు సముద్రమును చేరు దక్షిణాపథ నదులకు త్రోవలో ఏదో యొక కొండలవరుస అడ్డుపడక మానదు. కృష్ణానది నల్లమలను కోసికొని వచ్చుచున్నది. పెన్న గండికోట కడ ఎర్రమలను చీల్చుకొని వచ్చుచున్నది. ఆ రెండు గండ్లును రాతిగోడల నిటారుతనముచేత చూపరులను నిలువరించునవియే. అయినను ఇంత జలరాశి ఇంత ఇరుకు త్రోవను, రెండు గట్లును దట్టమైన అడవితో కప్పబడి యుండగా, నిండుగా సాగిపోవు దృశ్యము తెలుగునేలపై గోదావరి తూర్పు కనుమలను దాటుచోటనే కలదు. ఈ గండికే పాపికొండలని ప్రసిద్ధి. శబరి సంగమస్థలమైన కూనవరమునకు దిగువనుండి పోలవరము ఎగువ వరకు నది ఈ కొండల నడుమ మెలికలు తిరుగుచు ప్రవహించుచున్నది. ఇక్కడి సౌందర్యమునకు, ఇక్కడి ప్రమాదములకు, ఇక్కడి జనుల చరిత్రకు, నేడు ఈ ప్రాంతము ఎదుర్కొనుచున్న మార్పునకు కూడ మూలకారణ మొక్కటే: ఆ ఇరుకుదనము.

మహారాష్ట్రమున నాసిక్ సమీపమందలి త్ర్యంబకము కడ సముద్రమట్టమునకు 1,067 మీటర్ల ఎత్తున పుట్టిన గోదావరి, 1,465 కిలోమీటర్ల ప్రయాణములో 3,12,812 చదరపు కిలోమీటర్ల నేలపై పడిన వాననీటిని తనలో చేర్చుకొనును. మంజీర కుడివైపునుండి వచ్చి చేరును. వార్ధా, వైన్‌గంగా, పెన్‌గంగల నీటిని మోసికొని ప్రాణహిత కాళేశ్వరము కడ కలియును. దానికి కొంత దిగువన బస్తరు అడవులనుండి ఇంద్రావతి వచ్చును. కడపట, సీలేరును తనలో కలుపుకొన్న శబరి కూనవరము కడ ఎడమగట్టున సంగమించును. కనుక పాపికొండలలో అడుగిడునప్పటికి గోదావరికి రావలసిన పెద్ద ఉపనదులన్నియు వచ్చి చేరినవనియే చెప్పవచ్చును. భద్రాచలము కడ 1965లో కట్టిన వంతెన కిలోమీటరుకు పైగా పొడవైనది. రాజమహేంద్రవరము కడ 1900లో పూర్తియైన హేవలాక్ వంతెన రెండున్నర కిలోమీటర్లకు మించినది. ఈ రెండు వంతెనల నడుమ, రెండింటికంటెను తక్కువ నీరేమియు లేని నది, కొండలలో రెండుమూడు వందల మీటర్ల వెడల్పునకు కుదించుకొనిపోవును. వెడల్పున కోల్పోయినదానిని లోతున సంపాదించుకొనుటయే నదికి మిగిలిన మార్గము. అందుచేత ఇసుకతిన్నెల నడుమ పాయలుగా సాగిన నీరు ఇక్కడ నల్లగా, లోతుగా, పైకి కదలికయే లేనట్లు కానవచ్చుచు లోపల బలముగా లాగుచుండును.

ఈ గండి ఎట్లేర్పడెనను ప్రశ్న భూశాస్త్రమున ఆసక్తికరమైనది. ప్రాణహిత మొదలు ఆగ్నేయముగా సాగు పల్లపు ద్రోణి యొకటి భూమి పొరలు విరిగి క్రుంగుటవలన గోండ్వానా కాలమున ఏర్పడినది. సింగరేణి బొగ్గు ఆ ద్రోణిలోని ఇసుకరాతి పొరల నడుమనే దొరకుచున్నది. గోదావరి చాలదూరము ఆ మెత్తని రాళ్ళను అనుసరించియే వచ్చును. కాని భద్రాచలము దాటిన పిదప, ఆ ద్రోణి చింతలపూడి వైపుగా తీరమునకు సాగుచుండగా, నది దానిని విడిచి తూర్పు కనుమల గట్టిరాళ్ళలోనికి మరలినది. ఖోండలైటు, చార్నొకైటు అను పేర్లతో పిలువబడు ఆ రాళ్ళు భూగర్భమున మిక్కిలి లోతున, గొప్ప వేడిమికిని ఒత్తిడికిని లోనై రూపొందినవి. గోండ్వానా పొరలకంటె కోట్లకొలది సంవత్సరములు ప్రాచీనమైనవి. సులభమైన త్రోవ ప్రక్కననే యుండగా నది కఠినమైన త్రోవ ఏల పట్టెను? ఇట్టి గండ్లకు భూశాస్త్రజ్ఞులు సామాన్యముగా రెండు కారణములు చెప్పుదురు. కొండలు మెల్లగా పైకి లేచుచుండగా అంతకుముందే అక్కడ పారుచున్న నది అదే వేగముతో క్రిందికి కోసికొనుచు పోవుట ఒకటి. పైన కప్పియున్న పొరలమీద త్రోవ ఏర్పరచుకొన్న నది, ఆ పొరలు అరిగిపోయిన పిదప అడుగున బయల్పడిన గట్టిరాతిని కూడ అదే గీతలో కోయుట రెండవది. ఏ విధముగా చూచినను నది త్రోవ కొండల నేటి రూపముకంటె పాతదని తేలుచున్నది.

వానకాలమున ఈ ఇరుకుదనము వేరొక రూపము దాల్చును. ఎగువ పరీవాహకమంతట ఒక్కసారి వానలు పట్టినపుడు వచ్చు నీరు గండిలో పట్టక వెనుకకు నిలిచి పైకి లేచును. అప్పుడు గోదావరి శబరిని ఎగదన్నుననుట ఆ ప్రాంతమున అందరి నోట వినబడు మాట. కూనవరము, వరరామచంద్రాపురము, చింతూరు మండలముల పల్లెలు తమ పొలముల మీద వాన పడకున్నను దినములకొలది నీటిలో నుండుట ఇందుచేతనే. భద్రాచలము కడ నీటిమట్టము 43 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు ఎగురవేయుదురు. 1986 ఆగష్టులో ఆ మట్టము 75.6 అడుగులకు లేచినది; నాటి ప్రవాహము ధవళేశ్వరము కడ 35 లక్షల క్యూసెక్కులు. 2022 జూలైలో మరల 71.3 అడుగులు వచ్చినది. సంవత్సరములో అత్యధిక భాగము సరస్సువలె నిశ్చలముగా కనబడు నీరు ఎంతవరకు లేవగలదో తెలిసికొనగోరువారు వేసవిలో గట్టుల మీది రాళ్ళపై నిలిచిన వరద మరకలను తలయెత్తి చూడవలెను.

నదికి ఇరువైపుల నున్న అడవి ఆకురాల్చు జాతిది. కాని లోయలలోను సెలయేళ్ళ వెంబడిని ఏడాది పొడవునను పచ్చదనము చెడదు. టేకు, మద్ది, వేగి, ఇప్ప, తునికి, చింత, మామిడి, అన్నింటికి మించి వెదురు ఇక్కడి ప్రధాన వృక్షసంపద. మాఘఫాల్గుణములలో ఆకులు రాలి కొండల ఎముకలు బయటపడును. మోదుగులు పూచుట అప్పుడే. తొలకరి తరువాత రెండు వారములలో అవే కొండలను గుర్తుపట్టలేము. ఇక్కడి అడవిదున్నలను చూచియే ఆంగ్లేయులు తమ పటములలో ఈ కొండలకు బైసన్ హిల్స్ అని పేరు వ్రాసికొనిరి. అడవిదున్నలతోపాటు పులి, చిరుత, ఎలుగుబంటి, కణుజు, చుక్కలదుప్పి, రేచుకుక్క, ముళ్ళపంది ఈ అడవులలో కలవు. మఱ్ఱిపండ్లు పండిన చెట్లపై పావురములును, ముక్కుమీద కొమ్మున్న పెద్దపక్షులును కనబడును. 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడిన భాగమును విస్తరించి, 2008లో 1,012.86 చదరపు కిలోమీటర్ల పాపికొండ జాతీయోద్యానమును ఏర్పరచినారు. ఇంత విశాలమై, నడుమ పెద్ద నది ప్రవహించుచుండగా రెండు గట్టుల అడవిని కలుపుకొన్న రక్షితప్రదేశములు అరుదని గ్రహించినచో దీని విలువ తెలియగలదు.

ఈ కొండలు నిర్జనములు కావు. పడవలో కూర్చుండి గట్టులను చూచుచు పోవువారు దీనిని మనుష్యులు లేని ప్రకృతిదృశ్యముగా భావించి మరలిపోవుచుండుట నాకు మిక్కిలి బాధ కలిగించును. ఆ వాలుల మీద కొండరెడ్లును, కొంత చదునైన భూములలో కోయలును తరతరములుగా నివసించుచున్నారు. కోయలకు ద్రావిడకుటుంబమునకు చెందిన ప్రత్యేకభాష కలదు. కొండరెడ్ల మాతృభాష తెలుగే. గోదావరి జిల్లాల పలుకుబడికి భిన్నమైన యాసతో, మైదానమున మాసిపోయిన కొన్ని మాటలను నిలుపుకొన్న తెలుగు వారిది. ప్రభుత్వము వారిని విశేషముగా వెనుకబడిన ఆదిమ గిరిజన సమూహములలో చేర్చినది. కొండవాలున కొంత అడవిని కొట్టి, కాల్చి, ఆ బూడిదలో జొన్న, సామ, కొర్ర, కంది కలిపి చల్లు పోడు వ్యవసాయము వారి ప్రాచీన జీవనాధారము. పంట చాలని నెలలలో జీలుగుచెట్టు వారిని ఆదుకొనును. దాని కల్లు కేవలము మత్తుపానీయము కాదు, కొన్ని వారముల పాటు కుటుంబమునకు ఆహారము. మామిడిపండ్ల కాలమున టెంకలలోని జీడిని ఎండబెట్టి, వగరు పోవునట్లు నీట నానవేసి, పిండి చేసి అంబలి కాచుకొందురు. మామిడి మొదలు చిక్కుడు వరకు ప్రతి కొత్త పంటకును పండుగ చేసి దేవతకు పెట్టిన తరువాతనే నోట పెట్టుకొందురు.

మానవశాస్త్రజ్ఞుడైన క్రిస్టొఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ నిజాము రాజ్యమునకు చెందిన కుడిగట్టు పల్లెలలో వీరితో కలిసి నివసించి, వీరి జీవనమును గూర్చి 1945లో ఒక గ్రంథమును ప్రకటించెను. నాడు గోదావరి ఈ గండిలో రెండు ప్రభుత్వములకు సరిహద్దు: కుడిగట్టు ఎగువ భాగము హైదరాబాదు సంస్థానముది, ఎడమగట్టు మదరాసు రాజధానిది. నదిగట్టు పల్లెలలోని కొండరెడ్లు కలపవ్యాపారులకు అప్పుపడి, ఆ అప్పు తీరక, వెదురు నరకుచు, దుంగలు దించుచు బ్రతుకునీడ్చిన విధమును, కొండపైనున్న వారు పేదరికములోను తమ స్వాతంత్ర్యమును నిలుపుకొన్న విధమును ఆ గ్రంథము ప్రక్కప్రక్కన చూపును. నరికిన వెదురును తెప్పలుగా కట్టి నీటివాలున రాజమహేంద్రవరమునకు దింపుట నాటి వాడుక. నది త్రోవయే వ్యాపారికి సులభమైన త్రోవ కాగా, నదికి దగ్గరగా నుండుటయే ఆ జనులకు శాపమైనది. ఎడమగట్టున రంప ప్రాంతమున 1879లో లేచిన పితూరికిని, 1922–24 నడుమ అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటమునకును వెనుక అడవి ఆంక్షలు, కల్లుపన్ను, వెట్టిచాకిరి మొదలగు ఇట్టి కష్టములే యున్నవి. గిరిజనుల భూములు పరుల పాలు గాకుండ 1917లో ఒక చట్టమును, 1959లో దానికంటె గట్టిదియగు నిబంధనయు, 1970లో దానికి సవరణయు వచ్చినవి. చింతపండు, కుంకుడుకాయ, శీకాయ, అడ్డాకు, కొండచీపురు మొదలగు అటవీఫలసాయమును 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుచున్నది.

నదిని పెద్ద రాజమార్గముగా మార్చవలెనను ఊహ కూడ ఇక్కడ ఒకప్పుడు గట్టిగా సాగినది. 1847లో ప్రారంభించి 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్టను ముగించిన ఆర్థర్ కాటన్, బీరారు పత్తిని పడవలలో గోదావరి మీదుగా కాకినాడ రేవునకు తేవచ్చునని వాదించెను. పాపికొండల గండి దీనికి అడ్డు కాలేదు. లోతైన నీరు పడవలకు అనుకూలమే. అడ్డు వచ్చినవి ఎగువనున్న మూడు రాతిపట్టులు. వానిలో మొదటిది దుమ్ముగూడెము కడనున్నది. దానిని దాటించుటకై కట్టిన ఆనకట్టయు, లాకులును నేటికిని భద్రాచలమునకు ఎగువ చూడవచ్చును. ఖర్చు పెరిగి, రైళ్ళు వచ్చి, 1871లో ఆ పథకము విడువబడినది. అంతటి ఆశయములో మిగిలినది రాజమహేంద్రవరము, భద్రాచలముల నడుమ సాగిన లాంచీల రాకపోకలే. శ్రీరామనవమి కల్యాణమునకు గోదావరి జిల్లాల యాత్రికులు అనేకులు ఆ లాంచీలలోనే వెళ్ళిరి. 1973లో బాపు తీసిన ‘అందాల రాముడు’, 2006లో శేఖర్ కమ్ముల తీసిన ‘గోదావరి’ ఆ ప్రయాణమునే కథాస్థలముగా చేసికొన్నవి. ఈ కొండలను ఎన్నడును చూడని తెలుగువారికి కూడ పరిచితములు చేసిన ఘనత వానిదే.

దిగువనుండి పైకి పోవు క్రమమున దర్శనీయస్థలములను చెప్పుకొన్నచో, మొదట అఖండ గోదావరి నడుమ దేవకూటమను చిన్న కొండపై వెలసిన పట్టిసము వీరభద్రస్వామి ఆలయము వచ్చును. శివరాత్రినాడు ఆ లంక చుట్టును ఇసుక మీద జనసముద్రము నిలుచును. తరువాత కుడిగట్టున పోలవరము. దానికి ఎగువ, ఎడమగట్టున గండి పోచమ్మ గుడి. పడవవారు ఆ తల్లికి మ్రొక్కకుండ ఎగువకు సాగరు. ఇటీవల వరకు రాజమహేంద్రవరమునుండియు పట్టిసమునుండియు బయలుదేరుచుండిన విహారనౌకలు, ఇప్పుడు నదికి అడ్డముగా ఆనకట్ట లేచుటచేత, ఈ గుడి కడనుండియే ప్రయాణము మొదలిడుచున్నవి. దేవీపట్టణము దాటిన పిదప కొండలు దగ్గరకు జరుగును. ప్రతి మలుపు కడను ముందు త్రోవ మూసికొనిపోయినట్లు తోచి, తీరా చేరువకు పోగా కొండ ప్రక్కకు తొలగి మరియొక మడుగు తెరుచుకొనును. ఇట్లు ఒకదానివెంట ఒకటిగా కొండల తెరలు తొలగుచుండుటయే ఈ ప్రయాణమునకు ప్రాణము. ఉదయము బయలుదేరినవారికి తెలిమంచు లేచుచుండగా నీలివర్ణమున ఐదారు వరుసల కొండలు ఒకదాని వెనుక నొకటి కానవచ్చును; మధ్యాహ్నపుటెండలో ఆ లోతంతయు అణగిపోవును. కనుక పొద్దెక్కక ముందే పడవ కదలుట మేలు.

గండి పైభాగమున కుడిగట్టున పేరంటాలపల్లి కలదు. 1927లో బాలానందస్వామి యను సాధువు ఇక్కడ స్థిరపడి, కొండరెడ్ల నడుమ ఆశ్రమము నెలకొల్పి, శివాలయము కట్టించెను. రామకృష్ణ మునివాటమని దానికి పేరు. గుడి వెనుకనుండి సెలయేరొకటి రాళ్ళమీదుగా దిగివచ్చును. గుడిమెట్ల ప్రక్క కొండరెడ్డి స్త్రీలు వెదురుతో చేసిన పూలబుట్టలు, బొమ్మలు అమ్ముచుందురు. ఎడమగట్టున కొల్లూరు ఇసుకతిన్నెల మీద వెదురుగుడిసెలలో రాత్రి గడపు ఏర్పాటు ఎందరినో ఆకర్షించినది. వెన్నెలరాత్రి నది మ్రోత తప్ప వేరు శబ్దము లేని ఆ తావున ఉండుట కేవలము విహారము కాదు, ఒక విద్య. ఎగువ పోచవరము భద్రాచలమువైపునుండి వచ్చువారికి పడవరేవు. అటుపై శ్రీరామగిరి, కూనవరము కడ శబరీసంగమము, భద్రాచలము, పర్ణశాల వరుసగా వచ్చును. భూమార్గమును కోరువారు రాజమహేంద్రవరమునుండి రంపచోడవరము, మారేడుమిల్లిల మీదుగా చింతూరునకు పోవు కనుమదారిని పట్టవలెను. రంప జలపాతము, మారేడుమిల్లి కడ జలతరంగిణి, అమృతధార ఆ త్రోవన కలవు. నేడు బొంగు చికెన్ అను పేర ఊరూర వ్యాపించిన, వెదురుబొంగులో మాంసము కూరి నిప్పులమీద కాల్చు వంట ఆ అడవిపల్లెలదే. కార్తికమునుండి మాఘము వరకు గల కాలము ప్రయాణమునకు ఉత్తమము.

ఈ నీటిని తేలికగా చూడరాదు. నది మలుపు తిరుగుచోట అడుగునున్న రాతికి తగిలి నీరు సుడులు తిరుగు మడుగులను పడవవారు మందములందురు. 2019 సెప్టెంబరు 15న, వరద ఇంకను తీయకమునుపే బయలుదేరిన విహారనౌక యొకటి కచ్చులూరు మందము కడ తలక్రిందులై దాదాపు యాబదిమంది మరణించిరి. మునిగిన నౌక దాదాపు రెండువందల అడుగుల లోతున చిక్కుకొన్నది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యము బృందము ఇనుప తాళ్ళతో, లంగరులతో అనేక దినములు శ్రమించి అక్టోబరులో దానిని వెలికి తీసినది. అటుపిమ్మట రేవుల కడ నియంత్రణకేంద్రములు ఏర్పడినవి; నీటిమట్టము హెచ్చినపుడు ప్రయాణములు నిలిపివేయుచున్నారు. మందముల స్థానములు మొదటినుండియు ఆ గట్టు జనులకు తెలిసినవే. వారి మాట చెవినిడుట నౌకాయానములో మొదటి నియమము కావలసియుండెను.

గండి ముగియుచోట ఆనకట్ట కట్టి ఆ ఇరుకును జలాశయముగా మార్చవచ్చునను ఆలోచన 1940 ప్రాంతమున మదరాసు ప్రభుత్వపు ఇంజనీర్లకు కలిగినది. నాడు దానికి రామపాదసాగరమని పేరుండెను. 1981లో శంకుస్థాపన జరిగి, 2004 తరువాత పనులు సాగి, 2014లో జాతీయప్రాజెక్టుగా ప్రకటింపబడిన పోలవరము ఆ ఆలోచన యొక్క నేటి రూపము. ముంపునకు గురియగు మండలములు ఆ సంవత్సరమే తెలంగాణమునుండి ఆంధ్రప్రదేశమునకు మార్చబడినవి. 48 గేట్లతో 50 లక్షల క్యూసెక్కులను విడువగల స్పిల్‌వే, 194 టీఎంసీల నిలువ, 960 మెగావాట్ల విద్యుత్తు దీని ప్రమాణములు. 2021లో నదిని స్పిల్‌వే మీదుగా మళ్ళించినప్పటినుండి దేవీపట్టణము మొదలగు పల్లెలు వరదనాటికి నీట మునుగుచున్నవి. జలాశయము మొదటి దశలో 41.15 మీటర్ల మట్టము వరకును, పూర్తిగా నిండునపుడు 45.72 మీటర్ల వరకును నీరు నిలుచును. కొండల ఎత్తులో అది స్వల్పభాగమే; శిఖరములును అడవులలో అధికభాగమును నిలిచియే యుండును. కాని ఇసుకతిన్నెలు, వేసవిలో బయల్పడు రాళ్ళు, నదిగట్టు పల్లెలు అన్నియు ఆ స్వల్పభాగములోనివే.

డెల్టా రైతునకును, విశాఖపట్టణమునకును ఈ నీరు కావలసియున్నదనుటలో సందేహము లేదు. అయినను మునుగు పల్లెలలో అత్యధికులు కోయలును, కొండరెడ్లును. పోడుచెలకను, జీలుగుచెట్టును, చింతతోపును ఆధారముగా జీవించు కుటుంబమునకు మైదానపు పునరావాసకాలనీలో ఇచ్చు పక్కాఇల్లు మంచిదే గాని, ఆ చెట్లకు అది ప్రత్యామ్నాయము కాదు. 2006 నాటి అటవీహక్కుల చట్టమును, 2013 నాటి భూసేకరణ చట్టమును భూమికి భూమి, ఉమ్మడి అడవిపై హక్కు, గ్రామసభ సమ్మతి అను వానిని గుర్తించినవి. 41.15 మీటర్ల గీతకు లోబడిన పల్లెల తరలింపులో వీనిని అక్షరశః పాటించుటయు, ఆ గీతకును 45.72 మీటర్ల గీతకును నడుమ నున్న కూనవరము, వరరామచంద్రాపురము, చింతూరు పల్లెలవారిని, 2022 జూలైలో వలె ప్రతి వరదకును కొండలెక్కించి దింపక, వారికి రావలసినది ముందుగా చేతికిచ్చి తరలించుటయు ఇప్పుడు జరుగవలసిన పని.